పారదర్శక చిత్రాల మార్పిడి గురించి రాస్తున్న ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, శ్రద్ధగా చదివాను. వెబ్‌సైటులోని పారదర్శక (వెనకనున్నది కనబడే భాగాలున్న) పీఎన్‌జీ చిత్రాలన్నిటినీ గూగుల్ వారి వెబ్‌పీ అనే ఫైలు రకంలోకి మార్చుకుంటే పేజీ తేలికపడుతుందని నువ్వు రాసినది తప్పు కాదు. అయితే ఆ మాట నమ్మి పనికి దిగిన పాఠకుడికి ఏ బొమ్మ దగ్గర లాభం వస్తుందో, ఏ బొమ్మ దగ్గర నష్టం వస్తుందో తెలుసుకునే దారి మాత్రం వ్యాసంలో లేదు. భాష చక్కగా ఉంది కనుక దాని జోలికి పోను. విషయం గురించే రాస్తాను.

అన్నిటికంటే ముందు సరిచేయవలసినది, ‘వెబ్‌పీ ఫైలు పీఎన్‌జీ కంటే 26 శాతం నుంచి మూడు రెట్ల వరకు చిన్నది’ అన్న వాక్యం. ఆ రెండు అంకెలూ గూగుల్ చెప్పినవే, కాని అవి చెప్పింది రెండు వేర్వేరు వస్తువుల గురించి. వెబ్‌పీ అనే పేరు కింద రెండు కుదింపు పద్ధతులు ఉన్నాయి. వాటికి ఇంటిపేరు ఒకటే తప్ప చుట్టరికం లేదు. 2010లో వెలువడిన మొదటిది వీపీ8 అనే వీడియో కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) ఒక్క ఫ్రేమును కుదించే తీరు నుంచి పుట్టింది; కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. దీన్ని లాసీ అంటారు. పారదర్శకతతో పాటు 2011లో ప్రకటించిన రెండోది లాస్‌లెస్, అంటే నష్టం లేనిది. పక్కనున్న పిక్సెళ్లను (బొమ్మలోని రంగు చుక్కలను) బట్టి తర్వాతి పిక్సెల్‌ను ఊహించడం, ఎరుపు, నీలం విలువల్లోంచి ఆకుపచ్చ విలువను తీసివేయడం, రంగులు కొద్దిగానే ఉంటే వాటికి పట్టిక కట్టడం వంటి ఉపాయాలతో ఇది పీఎన్‌జీ చేసే పనినే ఇంకొంత పొదుపుగా చేస్తుంది, కనబడే పిక్సెళ్లలో ఏదీ మారదు. 26 శాతం అన్నది ఈ లాస్‌లెస్ సంగతి. మూడు రెట్లు అన్నది, బొమ్మలో కొంత పోయినా ఫరవాలేదనుకుని లాసీని ఎంచుకున్నప్పటి సంగతి. రెండిటినీ ఒక వాక్యంలో కలిపితే పాఠకుడు ఒకదాని నాణ్యతనూ ఇంకొకదాని పొదుపునూ ఒకేసారి ఆశిస్తాడు.

పైగా నువ్వు సిఫారసు చేసిన సీవెబ్‌పీ అనే పనిముట్టు ఏమీ అడగకుండా మొదటి పద్ధతినే వాడుతుంది. పీఎన్‌జీ ఫైలు ఇచ్చాము కదా, నష్టం లేకుండానే మారుస్తుందనుకోవడం సహజం. కాని లాస్‌లెస్ కావాలని విడిగా చెప్పకపోతే అది వందకు 75 నాణ్యతతో లాసీ ఫైలును ఇస్తుంది. ఈ ఒక్క సంగతి వ్యాసం మొదట్లోనే ఉండాలి.

ఇక ఏ బొమ్మకు ఏ పద్ధతి అన్నది. నీ వ్యాసంలో ఉదాహరణగా ఒక్క లోగో మాత్రమే ఉంది, అందువల్లే ఈ తేడా నీకు ఎదురుపడలేదని అనుకుంటాను. దానికి బదులు రెండు బొమ్మలు తీసుకో. ఒకటి, నేపథ్యం తీసేసిన ఉప్పాడ జమదానీ చీర ఫొటో. నిజానికి అది ఫొటోయే. చుట్టూ పారదర్శకత కావలసి వచ్చింది గనుక, జేపెగ్‌లో ఆ సౌకర్యం లేదు గనుక పీఎన్‌జీలో ఇరుక్కుంది. వెబ్‌పీ ఎక్కువగా మేలు చేసేది ఇలాంటి బొమ్మకే. లాసీ పద్ధతిలో రంగులు కొంత నష్టపోయినా, ఆల్ఫా, అంటే ప్రతి పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే పొర, విడిగా నష్టం లేకుండా నిలుస్తుంది. ఆల్ఫా నాణ్యతను నువ్వే తగ్గించమంటే తప్ప చీర అంచు రూపం చెదరదు.

రెండోది, పసుపు అంచు పెట్టిన ఎర్రటి తెలుగు అక్షరాల శీర్షిక. మన వెబ్‌సైట్లలోనూ పండుగ శుభాకాంక్షల బొమ్మల్లోనూ ఇది కొల్లలుగా కనిపిస్తుంది. దీన్ని లాసీలోకి మార్చితే తలకట్టు, వట్రసుడి వంటి సన్నని గీతల దగ్గర ఎరుపూ పసుపూ ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. కారణం చెప్పకుండా వదిలేయకు: లాసీ వెబ్‌పీ వెలుగును ప్రతి పిక్సెల్‌కూ దాచుకుంటుంది గాని, రంగును మాత్రం రెండు అడ్డం, రెండు నిలువుగా ఉన్న నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే దాచుకుంటుంది. ఫొటోలో ఇది తెలియదు, పిక్సెల్ వెడల్పు గీతలో తెలిసిపోతుంది. సీవెబ్‌పీలోని షార్ప్ వైయూవీ అనే ఆప్షన్‌తో కొంత మెరుగవుతుంది గాని, ఇటువంటి బొమ్మకు లాస్‌లెస్సే మందు. అందులో రంగులు కొద్దిగానే ఉంటాయి కనుక లాస్‌లెస్ ఫైలు లాసీ కంటే చిన్నదయ్యే సందర్భాలూ ఉన్నాయి.

వస్తువు చుట్టూ కనిపించే తెల్లటి అంచును నువ్వు మార్పిడి దోషంగా రాశావు. చాలావరకు అది అసలు పీఎన్‌జీలోనే ఉంటుంది. తెల్ల గోడ ముందు తీసిన ఫొటోను కత్తిరించినప్పుడు అంచున సగం పారదర్శకంగా మిగిలిన పిక్సెళ్లలో ఆ గోడ తెలుపు కలిసిపోతుంది; తెల్ల పేజీ మీద అది కనబడదు, పాఠకుడు ఫోనును డార్క్ మోడ్‌లో పెట్టుకోగానే బయటపడుతుంది. ఏ ఫార్మాట్‌లోకి మార్చినా అది పోదు. బొమ్మలను దిద్దే గింప్ ప్రోగ్రాములోని కలర్ టు ఆల్ఫా అనే సౌకర్యం తెలుపును లాగేస్తుంది గాని, అంచును మాత్రమే ఎంచుకుని వాడాలి, లేకపోతే చీర మీది తెల్ల పువ్వులు కూడా పారదర్శకమైపోతాయి.

పూర్తిగా పారదర్శకమైన పిక్సెల్‌కూ లోపల ఒక రంగు విలువ ఉంటుందని రాయడం కూడా అవసరమే. సీవెబ్‌పీ మామూలుగా ఆ దాగిన రంగులను తనకు అనువైన వాటితో మార్చేసి ఫైలును తగ్గిస్తుంది. లాస్‌లెస్‌లో కూడా ఇలాగే చేస్తుంది. వెబ్ పేజీకి దానివల్ల నష్టమేమీ లేదు. కంప్యూటర్ ఆటల్లో టెక్స్చర్‌గా, అంటే వస్తువుల పైపూతగా వాడే బొమ్మకు అవి కావలసి రావచ్చు, అప్పుడు ఎగ్జాక్ట్ అనే ఆప్షన్ పెట్టాలి.

కొన్నిటిని మార్చకపోవడమే మేలు. గీతలతో గీసిన లోగో మూలం ఎస్‌వీజీగా (పిక్సెళ్లు కాక గీతలనే దాచే ఫైలుగా) దొరికితే దానినే వాడమని చెప్పు, నీ ఉదాహరణలోని లోగో అలాంటిదే. వెబ్‌పీలో ఏ వైపూ 16383 పిక్సెళ్లను మించకూడదు కనుక బాగా పొడవైన ఇన్ఫోగ్రాఫిక్ అందులో పట్టదు. ఒక్కో రంగు విలువకు 16 బిట్లు వాడే పీఎన్‌జీని మార్చితే 8 బిట్లకు కుదించుకుపోతుంది. అక్కడ లాస్‌లెస్ అన్న మాట చెల్లదు. ఏది మార్చినా అసలు పీఎన్‌జీని పారేయవద్దని కూడా రాయి.

వెబ్‌పీని నువ్వు ‘సరికొత్త ఫార్మాట్’ అన్నావు. అది వచ్చి చాలా ఏళ్లయింది. పాతబడినట్లు కనిపించకపోవడానికి కారణం బ్రౌజర్ల ఆలస్యం. ఫైర్‌ఫాక్స్ 2019లో, సఫారీ 2020లో మాత్రమే దాన్ని చూపించడం మొదలుపెట్టాయి. పీఎన్‌జీ కథా ఇంతే: 1996లో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదం పొందినా, దాని ఆల్ఫాను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సరిగా చూపించేందుకు 2006లో ఏడో వెర్షన్ రావలసి వచ్చింది. నిజంగా కొత్తదైన ఏవీఐఎఫ్ అనే మరో చిత్ర ఫార్మాట్ ప్రమాణం 2019లో ఖరారైంది; క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో, సఫారీ 2022లో అందుకున్నాయి, ఎడ్జ్ 2024 దాకా ఆగింది. చీర లాంటి ఫొటోలకు ఏవీఐఎఫ్ తరచు వెబ్‌పీని మించుతుంది, రంగును ప్రతి పిక్సెల్‌కూ దాచుకునే వీలు కూడా అందులో ఉంది. లాస్‌లెస్‌లో మాత్రం సాధారణంగా వెబ్‌పీదే పైచేయి. ఈ పోలికకు ఒక పేరా చాలు. పాత బ్రౌజర్ల కోసం వెబ్ పేజీ కోడులోని పిక్చర్ ట్యాగులో కొత్త ఫార్మాట్ ముందు, పీఎన్‌జీ చివర పెట్టే పద్ధతి నువ్వు సరిగ్గానే వివరించావు; వెబ్‌పీని చూపించని మెయిల్ ప్రోగ్రాములు ఉన్నాయి కనుక న్యూస్‌లెటర్‌లో పీఎన్‌జీనే ఉంచమని ఒక మాట చేర్చు.

నీ పట్టికలో పోలిక కూడా న్యాయంగా లేదు. డిజైన్ ప్రోగ్రాము నుంచి నేరుగా వచ్చిన పీఎన్‌జీని కుదించిన వెబ్‌పీతో పోల్చావు. ముందు ఆక్సిపీఎన్‌జీ వంటి పనిముట్టుతో పీఎన్‌జీని బిగించి, ఆ తర్వాత లాస్‌లెస్ వెబ్‌పీతో పోల్చాలి. లాసీ వెబ్‌పీకి ఎదురుగా నిలపవలసినది, పీఎన్‌జీక్వాంట్ అనే పనిముట్టుతో 256 రంగులకు తగ్గించిన పీఎన్‌జీ. చిన్న ఐకాన్ల దగ్గర తేడా కొన్ని బైట్లకు పడిపోవచ్చు. అలా పడిపోతే దాచకుండా అదే రాయి.

తిరగరాసిన ప్రతితో పాటు చీర ఫొటో, అక్షరాల శీర్షిక, ఒక ఐకాన్, ఈ మూడిటి అసలు పీఎన్‌జీలనూ మార్చిన ఫైళ్లనూ పంపు. ఏ ఆప్షన్లు వాడావో ఒక్కోదాని పక్కన రాసి పెట్టు. ఇక్కడ తెల్ల పేజీ మీదా నల్ల పేజీ మీదా పెట్టి చూసి జవాబు రాస్తాను.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి