సిలబస్ చేతిలో పెట్టుకుని సైకాలజీ పుస్తకం తెరువు

అంబాజీపేట

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) కోసం డిగ్రీ సైకాలజీ పుస్తకం తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదువుతున్నావనీ, ఇంకా మెదడు, నాడీకణాల దగ్గరే ఉన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పుస్తకం మంచిదే. అది పక్కన పడేసి గైడు కొనుక్కోమని నేను చెప్పను. కాకపోతే అది రాసినవాళ్లు డిగ్రీ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాశారు, నీ పరీక్షేమో బడిపిల్లల గురించి. రెంటికీ లంకె నువ్వే వేసుకోవాలి. కుదురుగా కూర్చుంటే ఒక్క ఆదివారం పని.

ముందు ఈసారి నోటిఫికేషన్‌తో ఇచ్చిన సిలబస్ ప్రింటు తీయించుకో. ఎవరో ఇచ్చిన పాత జిరాక్స్ వద్దు. 150 మార్కుల్లో శిశు వికాసం, పెడగాజీకి (బోధనా పద్ధతులకి) 30. టెట్ మార్కులకి టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైతే చాల్లే అనుకోకు. సిలబస్‌లో కామా కామాకీ మధ్య ఉన్న ప్రతి అంశాన్నీ విడదీసి, పెద్ద కాగితం మీద ఎడమ పక్కన వరసగా రాసుకో. కుడి పక్కన నీ పుస్తకంలో అది ఉన్న పేజీ నంబరు వెయ్యి. విషయసూచిక ఒక్కటే చూస్తే దొరకవు, పుస్తకం చివర ఉండే పదసూచిక కూడా తిరగెయ్యాలి. పిల్లల నైతిక వికాసం గురించి చెప్పిన కోల్‌బర్గ్‌కి విడిగా అధ్యాయం ఉండదు, వికాసం అధ్యాయంలో ఏ రెండు పేరాల్లోనో ఉంటాడు. తెలుగు పేర్లు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి పక్కనే ఇంగ్లిష్ పేరు కూడా రాసుకుంటే టెన్షన్ ఉండదు.

అభ్యసనం (నేర్చుకోవడం) అధ్యాయంలో ఒక్క పేజీ కూడా వదలకు. పావ్‌లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్, కోహ్లర్, బందూరా అందరూ అక్కడే దొరుకుతారు. స్మృతి, విస్మృతి, ప్రేరణ, ప్రజ్ఞ, మూర్తిమత్వం కూడా నీకు కావలసినవే. నాడీవ్యవస్థ, నిద్ర, కలలు, మానసిక రుగ్మతల వర్గీకరణ ఇప్పటికి వదిలెయ్. మొదటి అధ్యాయంలో మాత్రం జాగ్రత్త. ఊంట్ 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టాడన్న చరిత్ర ఒకసారి చదివితే చాలు. కానీ అదే అధ్యాయంలో అంతఃపరీక్షణ (తన మనసులోకి తానే చూసుకోవడం), పరిశీలన, ప్రయోగ పద్ధతి ఉంటాయి. చరిత్రతో పాటు వాటినీ దాటేసిన పిల్లల్ని డైట్ (టీచర్ల శిక్షణ కాలేజీ)లో పాఠాలు చెప్పినన్నాళ్లూ చూశాను.

ఇంక పిల్లల ఆలోచన ఎదిగే దశలు చెప్పిన పియాజే. డిగ్రీ పుస్తకంలో నాలుగు దశలూ, వయసులూ ఓ పట్టికలో ఉంటాయి. అది కంఠస్థం చేస్తే సరిపోదు. పరీక్షలో దశ పేరు చెప్పకుండా ఒక పిల్లని చూపిస్తారు. నీ కళ్లెదురుగానే పొట్టి గ్లాసులో మజ్జిగ పొడుగు గ్లాసులోకి పోశావనుకో, ఐదేళ్ల పాప 'ఇందులోనే ఎక్కువుంది' అంటుంది. అది పూర్వ ప్రచాలక దశ, 2 నుంచి 7 ఏళ్లు. ఆవుని మాత్రమే ఎరిగిన పిల్లాడు గేదెని చూసి ఆవు అన్నాడంటే సాంశీకరణం. అది వేరే జంతువని గ్రహించి తన ఆలోచన మార్చుకుంటే అనుగుణ్యం. వైగోట్‌స్కీ దగ్గరికొస్తే, పంటకాలవలో ఒంటరిగా ఈదలేని పిల్లాడు అన్నయ్య పొట్ట కింద చెయ్యేసి పట్టుకుంటే ఈదగలుగుతున్నాడే, ఆ మధ్యనున్న మేరే ఆయన చెప్పిన సామీప్య వికాస మండలం. ప్రతి సిద్ధాంతం పక్కనా మన ఊళ్లో చూసిన పిల్లల నుంచే ఒక ఉదాహరణ రాసుకో. వీటికోసమే నిన్ను గైడు వద్దన్నది. ఎందుకు అలా జరుగుతుందో చెప్పేది పెద్ద పుస్తకమే.

కుడి పక్క కొన్ని గళ్లు ఖాళీగా మిగులుతాయి, కంగారు పడకు. 2009 విద్యాహక్కు చట్టం, ఎన్‌సీఎఫ్ 2005 (జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం), సహిత విద్య (వైకల్యమున్న పిల్లలకి మిగతావాళ్లతో కలిపి చదువు చెప్పడం) లాంటివి సైకాలజీ పుస్తకంలో ఉండవు. వాటికి డీఎడ్ (టీచర్ శిక్షణ డిప్లొమా) పుస్తకాలు చూడాలి. అవి కూడా ఏ ఏటివో చూసుకో. దివ్యాంగుల హక్కుల మీద వచ్చిన 1995 చట్టం వైకల్యాలు 7 రకాలంది, 2016 చట్టం 21 అంటోంది. నీ చేతిలోది 7 దగ్గరే ఆగితే ఆ పేజీ కొట్టేసి కొత్తది రాసుకో. బడిలో పిల్లల్ని కొట్టకూడదన్నది విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్, అది నంబరుతో సహా గుర్తుండాలి.

కాగితం పూర్తయ్యాక పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, అందులో ఈ 30 ప్రశ్నలకీ నువ్వు వేసుకున్న పేజీల్లో జవాబు దొరుకుతోందో లేదో చూడు. దొరకని ప్రశ్న నంబరు ఎర్ర పెన్నుతో చుట్టు. అలా చుట్టిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. నా దగ్గరున్న డీఎడ్ పుస్తకాల్లో అవి ఎక్కడున్నాయో చూసి, వచ్చే వారం మీ బాబాయి పాలకొల్లు వస్తున్నాడుగా, ఆయనతో పంపిస్తాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ