జీఎన్‌ఎం అయింది, నౌకరి లేదు: మొదటి రెండేళ్లు ఎక్కడ పనిచేయాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బిడ్డ నల్గొండలో ప్రైవేటు కాలేజీల జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసి పది నెలలైంది. నల్గొండ నర్సింగ్‌హోముల్లో నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు ఇస్తమంటున్నరు. హైదరాబాద్‌లో అడిగితే అనుభవం ఉందా అంటున్నరు. సర్కారు నోటిఫికేషన్ వచ్చేదాక ఇంట్ల ఉండి చదువుకొమ్మని మేమే ఆపినం. ఇప్పుడు ఒక ఏజెంటు రెండు లక్షలు కడితే గల్ఫ్‌కు పంపిస్తనంటున్నడు. ఏం చేయాలె?

జవాబు: ఏజెంటుకు పైసలు కట్టకండి. బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టకండి. ముందు ఈ రెండు మాటలు పట్టుకోండి, మిగతాది వివరంగా చెప్తాను.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటంలో తప్పు లేదు. ఖాళీగా ఎదురుచూడటంలోనే నష్టం ఉంది. మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2022 డిసెంబరు చివర 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 2న జరిగింది. నియామక పత్రాలు చేతికొచ్చింది 2024 జనవరి చివర. అంటే పదమూడు నెలలు. ఆ తర్వాత 2,050 పోస్టులకు ఇంకో నోటిఫికేషన్ 2024 సెప్టెంబరులో వచ్చింది. ఈ లెక్కన ఒక్క నోటిఫికేషన్ తప్పితే రెండేళ్లు పోతాయి. ఆ రెండేళ్లు వార్డులో గడిపిన అమ్మాయికీ, ఇంట్లో పుస్తకాలతో గడిపిన అమ్మాయికీ తేడా పరీక్ష హాలులోనే తెలుస్తుంది. చేత్తో చేసిన పని మీద ప్రశ్న వస్తే జవాబు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. జీతం ఎనిమిది వేలా, పన్నెండు వేలా అన్నదానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఆ ఆసుపత్రిలో పడకలెన్ని? దేశంలోని ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ల కోసం నార్సెట్ అనే పరీక్ష పెడతారు. ఈమధ్య ఏడాదికి రెండుసార్లు వస్తోంది. మన బీబీనగర్ ఎయిమ్స్ కూడా అందులోనే ఉంటుంది. మూల వేతనం 44,900. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు అనుభవం లేకుండానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు మాత్రం కోర్సు పూర్తయ్యాక కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఇరవై పడకల నర్సింగ్‌హోములో మూడేళ్లు రాత్రింబవళ్లు కష్టపడినా అక్కడ అది లెక్కకు రాదు. మామూలు వయోపరిమితి 30 ఏళ్లు, బీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు. కాబట్టి ఇప్పుడు పొరపాటు చోట చేరి, రెండేళ్ల తర్వాత మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకునే పరిస్థితి రాకూడదు.

మీ బిడ్డకు వెంటనే చూడదగినవి మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న పెద్ద ఆసుపత్రులు. నార్కట్‌పల్లిలో కామినేని ఉంది. పాలమూరు వైపు వాళ్లకు మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ ఉంది. ఇలాంటి చోట్ల ఐసీయూ, లేబర్ రూమ్, క్యాజువాలిటీ అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, మార్చి మార్చి పోస్టింగులు వేస్తారు. హైదరాబాద్ అయితే మీ దారిలో మొదట తగిలేది ఎల్బీనగర్, ఆ చుట్టుపక్కల వంద పడకలు దాటిన ఆసుపత్రులు. నల్గొండలోనే ఉండాలనుకుంటే యాభై పడకలు దాటినవి ఏవో చూసుకుని వాటికే వెళ్లండి. పడకల సంఖ్య నోటిమాటగా కాదు, రేపు ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద రాస్తారా అని చేరేముందే అడగండి.

అన్నిటికంటే ముందు ఒక అనుమానం. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఈ వారమే ఆ పని పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు చేసిన పనిని చాలాచోట్ల అనుభవంగా ఒప్పుకోరు. దరఖాస్తులు ఆగిపోవడానికి మామూలు కారణం పేరు తేడా: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, డిప్లొమాలో అసలే ఉండదు. మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిచేయించండి. మెమో మార్చడం కంటే అది వంద రెట్లు తేలిక. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ ఒరిజినల్స్ ఆపితే లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ నకలుతో సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. కాగితం చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది.

అమ్మా, ఇక్కడి నుంచి నీకే చెప్తున్నాను. నాన్నతో చదివించుకోకుండా నువ్వే చదువు.

హైదరాబాద్ ఆసుపత్రి రిసెప్షన్‌లో రెజ్యూమె ఇచ్చి వస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలవాలి. పొద్దున ఎనిమిదికి డ్యూటీ మారుతుంది, తర్వాత రౌండ్లు. పదకొండు దాటాక వెళ్తే నీ మాట వినే తీరిక ఉంటుంది. రెండు సెట్ల జిరాక్సులు, ఒక్క పేజీ రెజ్యూమె చాలు. అందులో ‘కష్టపడే స్వభావం’ లాంటి మాటలు వద్దు. ఏ ఆసుపత్రిలో ఎన్ని వారాలు పోస్టింగ్ చేశావు, నీ లాగ్‌బుక్ ప్రకారం ఎన్ని కాన్పులు చూశావు, ఎన్ని చేశావు, నరానికి క్యాన్యులా పెట్టడం, మూత్రానికి క్యాథెటర్ వేయడం, ముక్కు నుంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేయడం ఏవి సొంతంగా చేయగలవు అన్నది అంకెలతో రాయి. చేయనిది చేశానని రాయకు. పక్క గదిలోకి తీసుకెళ్లి చేసి చూపించమంటారు.

‘అనుభవం ఉందా’ అని అడిగినప్పుడు ‘లేదు మేడమ్’ అని ఆగిపోవద్దు. ‘ట్రైనీగా చేరతాను, నైట్ డ్యూటీలు చేస్తాను, ఐసీయూలో వేసినా సరే’ అను. నైట్ డ్యూటీలకు మనుషులు దొరకడం కష్టం. ఆ ఒక్క మాట చాలా తలుపులు తీస్తుంది. (నాన్నగారూ, ఇక్కడ మీ వంతు ఉంది. నైట్ డ్యూటీ వద్దన్న షరతు మీ ఇంటి నుంచి వస్తే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. హాస్టల్ ఆసుపత్రి ఆవరణలోనే ఉందా, లేకపోతే రాత్రి ఎనిమిదికి బండి పంపిస్తారా అన్నది అడగడం మాత్రం మీ హక్కు.)

ఇంటర్వ్యూలో ఫ్రెషర్లు ఎక్కువగా తడబడేది పాఠాల దగ్గర కాదు, లెక్కల దగ్గర. 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో పోవాలి, సెట్ మీద ఎంఎల్‌కు 20 చుక్కలని ఉంది, నిమిషానికి ఎన్ని చుక్కలు? 500ను 20తో గుణిస్తే 10,000. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.6, అంటే 42 చుక్కలు. ఇదే మైక్రో డ్రిప్ సెట్ అయితే ఎంఎల్‌కు 60 చుక్కలు కాబట్టి గంటకు ఎన్ని ఎంఎల్ పోవాలో నిమిషానికి అన్ని చుక్కలే. పిల్లల వార్డులో ఇది నోటికి రావాలి.

ఇన్సులిన్ ప్రశ్న దాదాపు తప్పదు. ఎంఎల్‌కు 40 యూనిట్ల వయల్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల వయల్‌కు నారింజ రంగు మూత సిరంజి. తారుమారైతే ఏమవుతుందో కూడా చెప్పగలగాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది అర ఎంఎల్, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు ఎక్కువ. రోగి షుగర్ పడిపోయి తెల్లారేసరికి స్పృహలో ఉండడు. ఈ కారణం చెప్పిన అమ్మాయిని సూపరింటెండెంట్ గుర్తుపెట్టుకుంటుంది. అలాగే పొటాషియం క్లోరైడ్. దాన్ని ఎప్పుడూ నేరుగా నరంలోకి నెట్టకూడదు, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఇవ్వాలి, నేరుగా ఇస్తే గుండె ఆగిపోతుంది. క్యాన్యులా సైజులు, రంగులు: 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. రక్తం ఎక్కించాలన్నా, యాక్సిడెంట్ కేసుకు త్వరగా సెలైన్లు పోవాలన్నా 18 ఎందుకు కావాలో ఆలోచించి పెట్టుకో. సీపీఆర్‌లో 30 నొక్కులకు 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు. సీపీఆర్ లాంటివి నేర్పే బీఎల్‌ఎస్ కోర్సు ఒక్కరోజు పని, ముందే చేసి సర్టిఫికెట్ పెట్టుకుంటే మంచిది.

పది నెలల విరామం వచ్చింది కాబట్టి చేయి మొద్దుబారి ఉంటుంది. క్యాన్యులా మొదటిసారి తప్పిపోతే భయపడకు, అదే చేతికి మళ్లీ మళ్లీ గుచ్చకుండా సీనియర్ సిస్టర్‌ను పిలువు. పిలవడం నామోషీ కాదు. పిలవకపోవడమే రోగికి ప్రమాదం. ఇంకో చిన్న పని: హెపటైటిస్ బి టీకా వేసుకోలేదంటే ఇప్పుడే మొదటి డోసు వేయించుకో. మిగతా రెండింటిలో ఒకటి నెల తర్వాత, ఇంకొకటి ఆరో నెలలో. సూది గుచ్చుకోవడం ఈ పనిలో ఎప్పుడో ఒకసారి జరుగుతుంది.

చేరేచోట మూడు కాగితాలు ముఖ్యం. నియామక పత్రం, బ్యాంకు ఖాతాలో పడే జీతం, పీఎఫ్ నంబరు. చేతికి నగదు ఇచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టించుకునే చోట రెండేళ్లు చేసినా రేపు రుజువు చేయడం కష్టం. పీఎఫ్ పాస్‌బుక్ ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశావో తానే చెప్తుంది. బాండు రాయమంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టమంటారు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్సులు మాత్రమే ఇవ్వు. జీతం సంగతి కూడా తెలిసి ఉండాలి: సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ 2016లో, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు 20,000కు తక్కువ ఇవ్వకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. చాలా ప్రైవేటు ఆసుపత్రులు దీన్ని పాటించడం లేదు. ఇది నర్సులకు జరుగుతున్న అన్యాయమే. అయినా మొదటి ఆరు నెలలు పెద్ద ఆసుపత్రిలో కాస్త తక్కువకైనా చేరమనే నా సలహా. ఆరు నెలలు దాటాక పెంచమని రాతపూర్వకంగా అడుగు.

సర్కారు వైపు ఇంకో దారి ఉంది, దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. 2024 నోటిఫికేషన్‌లో వంద మార్కుల్లో 80 పరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు కేటాయించారు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2 మార్కులు. అంటే మామూలు ప్రాంతంలో అయిదేళ్లు, గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు చేస్తే పూర్తి 20 వస్తాయి. ఒక్కో మార్కు దగ్గర వందలమంది ఉండే పరీక్షలో రెండేళ్ల సేవకు ఎనిమిది మార్కులంటే ఎంతో తేడా. నవజాత శిశు కేంద్రాలకు, పల్లె దవాఖానలకు, మెడికల్ కాలేజీ ఆసుపత్రులకు జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసు, ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇచ్చే ప్రకటనలు జిల్లా వెబ్‌సైటులో వస్తాయి. గడువు కొద్దిరోజులే ఉంటుంది, అందుకే కాగితాల సెట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఈ పోస్టు ఇప్పిస్తానని ఎవరైనా పైసలు అడిగితే అక్కడితో ఆపెయ్.

ఆ సెట్టులో అందరూ మరిచిపోయేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్లు. స్థానికత అక్కడే తేలుతుంది, ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికురాలివి. పోస్టుల్లో 95 శాతం ఆ జోన్ (కొన్ని జిల్లాలు కలిపిన ప్రాంతం) స్థానికులకే. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ యాదాద్రి జోన్‌లోకి వస్తాయి. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్. మీ అమ్మానాన్న పనికోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు నువ్వు చిన్న తరగతులు అక్కడే చదివి ఉంటే నీ జోన్ చార్మినార్ కావచ్చు. దరఖాస్తు నింపే రోజు కాకుండా ఇప్పుడే చూసుకో. చిన్న ప్రైవేటు బడులు మూతపడతాయి, అప్పుడు మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు చుట్టూ తిరగాలి.

చివరగా గల్ఫ్ సంగతి, ఇది ఇద్దరికీ. ఆ దేశాల్లో నర్సుగా పనిచేయాలంటే సాధారణంగా రెండేళ్ల అనుభవం, అక్కడి లైసెన్స్ పరీక్ష, డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల తనిఖీ కావాలి. డేటాఫ్లో వాళ్లు నువ్వు పనిచేసిన ఆసుపత్రికి నేరుగా రాసి అడుగుతారు. అక్కడి నుంచి జవాబు రాకపోతే నీ అనుభవం చెల్లదు. అనుభవమే లేని అమ్మాయిని నర్సుగా తీసుకెళ్తానంటే, అయితే దొంగ సర్టిఫికెట్ పెడతారు, లేకపోతే అక్కడ దిగాక ఇంకేదో పనిలో పెడతారు. దొంగ సర్టిఫికెట్ పట్టుబడితే శాశ్వతంగా నిషేధం పడే ప్రమాదం ఉంది. లైసెన్సు ఉన్న ఏజెంటు చట్టప్రకారం వసూలు చేయగలిగేది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. రెండు లక్షలు అడిగాడంటేనే విషయం అర్థమైపోవాలి. ఆయన పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూడండి. విదేశం మీద నిజంగా మనసుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్‌లకు నర్సులను భాష నేర్పించి పంపుతోంది. జర్మనీలో పూర్తి గుర్తింపుకు బీ2 స్థాయి జర్మన్ కావాలి. పాస్‌పోర్టుకు ఇప్పుడే దరఖాస్తు చేసుకో అమ్మా, పేరు మాత్రం పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా.