క్యాప్ సిమెంట్‌కు ఆరు వేలు పెట్టాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. మా అమ్మకు 63 ఏళ్లు. రెండు దవడ పళ్లకు రూట్ కెనాల్ అయింది, క్యాప్‌లు వేయించాలి. రెండు జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి సెరామిక్) క్యాప్‌లకు 34,000 అన్నారు. రెజిన్ సిమెంట్‌తో అతికిస్తే పంటికి ఇంకో 3,000 అట. మొత్తం 40,000ను 12 నెలల వడ్డీ లేని ఈఎంఐలో కట్టొచ్చు, ఒకేసారి కడితే 3,000 తగ్గిస్తారు. సేవింగ్స్‌లో లక్షా పది వేలున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఈఎంఐ సంగతి తేల్చేద్దాం. ఒకేసారి కడితే 37,000, విడతల్లో 40,000. అంటే 37,000 అప్పు తీసుకుని నెలకు 3,333 చొప్పున తీర్చినట్టే. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 14.5 శాతం వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదనం. సేవింగ్స్‌లోంచి తీసి కట్టేయండి, ఇంకా 70 వేల పైనే మిగులుతాయి.

ఇక సిమెంట్. నేను డెంటిస్టును కాను. కానీ ఒక సంక్రాంతికి నువ్వుల జీడి నములుతుంటే నా క్యాప్ దానితోపాటు ఊడొచ్చింది, అప్పటి నుంచి ఈ విషయం కాస్త పట్టించుకుంటున్నాను. క్యాప్‌ను నిలబెట్టేది సిమెంట్ ఒక్కటే కాదు, అరగదీశాక మిగిలిన పంటి ఎత్తు కూడా. ఆ ఎత్తు బాగుంటే జిర్కోనియాకు గ్లాస్ అయనోమర్ అనే సిమెంట్, లేదా అందులోనే కొంత రెజిన్ కలిపిన రకం మామూలుగా సరిపోతుంది. అది పంటికి అతుక్కుంటుంది, కొంచెం ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. పన్ను పొట్టిగా మిగిలితే మాత్రం రెజిన్‌కు డబ్బు పెట్టాల్సిందే. అయితే రెజిన్‌కు ఉమ్మి తగలకూడదు. పన్ను చిగుళ్ల కిందికి విరిగి, పొడిగా ఉంచడం కుదరకపోతే ఎంత ఖరీదైన సిమెంటైనా దండగే. ఇప్పుడు అమ్మకు తాత్కాలిక క్యాప్ ఉండి, నోట్లో లవంగ నూనె వాసన వస్తుంటే ఆ మాట డాక్టర్‌తో అనండి. లవంగ నూనె కలిసిన ఆ తాత్కాలిక సిమెంట్ ఆనవాళ్లు పంటి మీద మిగిలితే రెజిన్ సరిగా గట్టిపడదు.

కాబట్టి డాక్టర్ గారిని "మా అమ్మ పళ్లకు రెజిన్ ఎందుకు?" అని అడగండి. "పన్ను పొట్టిగా ఉంది" అంటే మారు మాట్లాడకుండా ఇవ్వండి. "ఇదే లేటెస్ట్" అంటే ఆ 6,000 తీసేయమనండి. అనుమానం తీరకపోతే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒకసారి చూపించండి, ఒక పూట పోతుందంతే.

నాకు సిమెంట్ కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే ఉంది. క్యాప్ వదులైనా తెలియక, లోపల పన్ను పుచ్చిపోతే మళ్లీ 17,000. ఊడితే ఎన్నాళ్ల వరకు ఉచితంగా అతికిస్తారో బిల్లు మీదే రాయించుకోండి. రూట్ కెనాల్ అయిన పంటికి నొప్పి తెలియదు, అందుకని ఆరు నెలలకోసారి చూపించడం మానొద్దు.

మామూలు ఆరోగ్య బీమాల్లో చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల ఖర్చు ఇవ్వవు. అమ్మకు అసలు బీమాయే లేకపోతే, మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే, 60 దాటిన తల్లి వైద్య ఖర్చుకు ఏడాదికి 50,000 వరకు మినహాయింపు ఉంది. నగదుగా కడితే అది వర్తించదు. మీ ఖాతా నుంచే యూపీఐలో కట్టి, అమ్మ పేరున బిల్లు తీసుకోండి.