మొదటి టీవీ రికార్డర్: డబ్బా కంటే ముందు యాంటెన్నా

"అక్కా, మేం అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. ఇద్దరికీ ఉద్యోగాలే. బాబుకి ఆరేళ్ళు. మేం ఇల్లు చేరేసరికి వాడి కార్యక్రమాలూ అయిపోతున్నాయి, వార్తలూ అయిపోతున్నాయి. కార్యక్రమాలు రికార్డు చేసి దాచే డబ్బా, అదే డీవీఆర్, ఒకటి కొనుక్కుందామనుకుంటున్నాం. ఏది మంచిది?"

ఈ ప్రశ్న నన్ను ఏడాదికి నలుగురైనా అడుగుతారు. ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ అలా పేరు విని కొన్నవాళ్ళే నెల తిరక్కుండా "అక్కా, బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది" అని ఫోన్ చేస్తారు. రికార్డర్ తనదాకా వచ్చినదాన్ని దాచిపెడుతుంది, అంతే. వచ్చింది బాగుంటే బాగున్నదే దాస్తుంది, తెగిపోతుంటే ఆ తెగినదాన్నే దాస్తుంది. ఎదురుగా కూర్చుని చూస్తున్నప్పుడైతే బొమ్మ పోయిందని లేచి యాంటెన్నా సర్దుకుంటాం. మనం ఆఫీసులో ఉన్నప్పుడు దాన్ని సర్దేవాళ్ళు ఎవరుంటారు? అందుకే ముందు సిగ్నల్ సంగతి, ఆ తర్వాతే రికార్డర్.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. రికార్డయినది ఎవరి చేతిలో ఉంటుంది?

ఇక్కడ దారులు మూడు. కేబుల్ కంపెనీ అద్దెకిచ్చే డబ్బా ఒకటి. ఇంటర్నెట్ ద్వారా టీవీ ఇచ్చే సర్వీసులు తమ దగ్గరే దాచిపెట్టే క్లౌడ్ డీవీఆర్ రెండోది. మన యాంటెన్నా, మన రికార్డర్, మన హార్డ్‌డిస్క్ మూడోది. మొదటి రెండిట్లో మీరు దాచుకున్నది మీది కాదు. యూట్యూబ్ టీవీలో ఎన్ని గంటలైనా రికార్డు చేసుకోవచ్చు, కానీ తొమ్మిది నెలలు దాటితే అది పోతుంది. సర్వీసు మానేస్తే అంతవరకూ కూడా ఉండదు.

నా అనుభవం చెప్తాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ స్కూల్ స్పెల్లింగ్ పోటీ గురించి ఊళ్ళో వార్తల్లో చూపించారు. నిండా నిమిషం కూడా లేదు. మైకు ముందు నిలబడి, అరచేతిలో వేలితో అక్షరాలు రాసుకుంటూ ఒక్కో అక్షరం పలుకుతోంది మా పిల్ల. అద్దె డబ్బాలో రికార్డు చేసి, ఇండియాలో అమ్మకి వీడియో కాల్‌లో టీవీకి ఎదురుగా ఫోన్ పట్టుకుని చూపించాను. రెండేళ్ళ తర్వాత మా ఆయన ప్రాజెక్టు మారి ఒహాయో నుంచి టెక్సస్‌కి వెళ్ళాం. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో డబ్బా తీసుకెళ్ళి కౌంటర్లో ఇచ్చేశాను. కొత్త ఇంట్లో పెట్టెలు విప్పుతుంటే గుర్తొచ్చింది, ఆ నిమిషం ఆ డబ్బాలోనే ఉందని. ఫోన్ చేస్తే, తిరిగొచ్చిన డబ్బాల్లో ఉన్నవన్నీ చెరిపేస్తామన్నారు. పైగా డబ్బా అందలేదని రెండు నెలలు బిల్లు కూడా వేశారు. రసీదు ఉండబట్టి ఆ డబ్బు తిరిగొచ్చింది, ఆ నిమిషం మాత్రం రాలేదు. అద్దెకి ఏది తీసుకున్నా తిరిగిచ్చిన రసీదు ఏడాదైనా దాచండి. పోగొట్టుకోకూడని దాన్ని అద్దె డబ్బాలో ఉంచకండి.

వీసాల మీద ఉన్నవాళ్ళం, రెండు మూడేళ్ళకోసారి ఇళ్ళు మారేవాళ్ళం. మనకి మూడో దారే మంచిదని నా గట్టి నమ్మకం. సొంత రికార్డర్‌ని పెట్టెలో సర్దుకుని వెంట తీసుకుపోవచ్చు. కొత్త ఊళ్ళో మళ్ళీ చానళ్ళు వెతికించుకుంటే చాలు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతొకటి ముందే చెప్పాలి. గాలిలో ఉచితంగా వచ్చేవి ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి చానళ్ళు, అదే స్టేషన్ సిగ్నల్‌లో వాటితో పాటు వచ్చే ఉపచానళ్ళు. మన తెలుగు చానళ్ళు అలా రావు. అవి యప్‌టీవీ, స్లింగ్ లాంటి సర్వీసుల్లో ఇంటర్నెట్ మీద వస్తాయి. వాటిని మీ యాంటెన్నా రికార్డర్ పట్టుకోలేదు. తెలుగు సీరియళ్ళ కోసమే అయితే రికార్డర్ కొనకండి, ఆ సర్వీసులో ప్రసారమైపోయినవి తర్వాత చూసే వీలుందో లేదో కనుక్కుంటే సరిపోతుంది. ఇండియా నుంచి డీటీహెచ్ డబ్బా మోసుకొచ్చినా లాభం లేదు. ఆ ఉపగ్రహాల గురి ఇటు కాదు.

ఇక యాంటెన్నా. 2009 జూన్ 12న ఈ దేశంలో పెద్ద స్టేషన్లన్నీ పాత అనలాగ్ ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కి మారాయి. పాత రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, అయినా కథ అర్థమయ్యేది. డిజిటల్ అలా కాదు. వస్తే అద్దంలా వస్తుంది, కాస్త తగ్గితే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్లో మీ చిరునామా కొడితే ఏ స్టేషన్ ఎటువైపు ఉందో, ఎంత బలంగా వస్తుందో మ్యాపు చూపిస్తుంది. అందులో అసలు ప్రసార చానల్ నంబరు కూడా ఉంటుంది, అది చూడండి. టీవీ మీద 4.1 అని కనిపించినంత మాత్రాన ఆ స్టేషన్ నాలుగో చానల్ మీదే ప్రసారం చేస్తోందని కాదు, అసలుది ఏ 24నో కావచ్చు. 14 నుంచి 36 వరకూ ఉన్నవి యూహెచ్ఎఫ్. కిటికీ అద్దానికి అతికించే పల్చటి యాంటెన్నా చాలావరకు వీటిని పట్టేస్తుంది. 2 నుంచి 13 వరకూ ఉన్నవి వీహెచ్ఎఫ్, వాటి దగ్గర ఆ పల్చటివి తడబడతాయి. మీ ఊళ్ళో ముఖ్యమైన స్టేషన్ 7లోనో 9లోనో ఉంటే, పొడుగు కడ్డీలున్న యాంటెన్నా తీసుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి ఆఫీసువాళ్ళు "యాంటెన్నా పెట్టకూడదు" అని చెప్తుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు భయపడి ఊరుకుంటారు. 1996 నుంచి ఎఫ్‌సీసీ నియమం ఒకటి ఉంది. మీరొక్కరే వాడుకునే బాల్కనీలో, ప్యాటియోలో స్థానిక టీవీ యాంటెన్నా పెట్టుకోకుండా లీజు అడ్డుపడలేదు, అద్దెకున్నవాళ్ళనైనా సరే. అయితే ఆ హక్కు బాల్కనీ అంచు దాకానే. బయటికి పొడుచుకు రాకూడదు, బయటి గోడకి రంధ్రం వేస్తానంటే కుదరదు, అందరిదీ అయిన పైకప్పు మీద పెట్టాలంటే అనుమతి కావాలి. బరువైన కుండీలో కర్ర నిలబెట్టి దానికి కట్టుకుంటే ఏ గొడవా ఉండదు. గది లోపల పెట్టేటట్టయితే స్టేషన్లున్న వైపు కిటికీ దగ్గర పెట్టండి. కొన్ని కిటికీ అద్దాలకి వేడి ఆపడానికి సన్నటి లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌ని కూడా ఆపేస్తుంది. అలాంటి ఇంట్లో పక్క గోడ దగ్గరైనా మెరుగ్గా రావచ్చు, పెట్టి చూసుకోవాల్సిందే. స్టేషన్లు దగ్గర్లోనే ఉంటే సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ పెట్టకండి. బలమైన సిగ్నల్‌ని ఇంకా పెంచితే, లోపల చానల్‌ని పట్టే భాగం, అంటే ట్యూనర్, ఉక్కిరిబిక్కిరై ఉన్న చానళ్ళు కూడా పోతాయి.

యాంటెన్నాని ముందు నేరుగా టీవీకే తగిలించి చానళ్ళు వెతికించండి. రెండు మూడు రోజులు పొద్దున, సాయంత్రం, వాన పడుతున్నప్పుడు చూడండి. మీకు కావలసిన చానళ్ళు నిలకడగా వస్తున్నాయనుకున్నాకే రికార్డర్ కొనండి.

కొనేటప్పుడు ముందు ట్యూనర్లు ఎన్నో అడగండి. ఒక ట్యూనర్ ఒక సమయంలో ఒక స్టేషన్‌నే పట్టగలదు. రెండుంటే ఒకటి రికార్డవుతుండగా ఇంకొకటి చూడొచ్చు. పిల్లలున్న ఇంటికి, అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండే ఇంటికి నాలుగు ఉండటం మంచిది. తర్వాత జాగా. ఇక్కడి డిజిటల్ ప్రసారం ఒక చానల్‌కి సెకనుకి 19.39 మెగాబిట్లు. మొత్తం ఒక్క కార్యక్రమానికే వాడినా గంటకి తొమ్మిది గిగాబైట్లు దాటదు. సాధారణంగా ఉపచానళ్ళు పంచుకుంటాయి కాబట్టి హెచ్‌డీ గంటకి ఐదారు గిగాబైట్లు అనుకోండి. ఒక టెరాబైట్ డిస్కులో నూట యాభై గంటల పైన పడుతుంది. మొదటి ఏడాదికి అంతకన్నా పెద్దది అక్కర్లేదు.

అసలు తేడా తెచ్చేది గైడ్ రుసుము. ఏ కార్యక్రమం ఎప్పుడో చెప్పే పట్టిక లేకపోతే డీవీఆర్ గుడ్డిదే. కొన్ని కంపెనీలు డబ్బా చౌకగా అమ్మి, ఆ పట్టికకి నెలనెలా వసూలు చేస్తాయి. నెలకి ఐదు డాలర్లే కదా అనిపిస్తుంది, ఐదేళ్ళలో మూడు వందలవుతుంది. అందుకని డబ్బా ధరకి ఐదేళ్ళ రుసుము కలిపి పోల్చుకోండి. టాబ్లో అనే రికార్డర్ ఉంది, దాని నాలుగో తరం డబ్బాకి గైడ్ రుసుము లేదు, పెద్దగా తెలియనివాళ్ళు కూడా అరగంటలో పెట్టుకోగలరు. హెచ్‌డీహోమ్‌రన్ అనే ఇంకో రికార్డర్‌లో రికార్డింగ్‌కి ఏడాది చందా ఉంది. కానీ రికార్డయినది మామూలు వీడియో ఫైలుగా మీ డిస్కులోనే ఉంటుంది, కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవచ్చు. నా ఇంట్లో ఉన్నది ఇదే, ఎందుకో పైన చదివారు. సాధారణంగా సీరియళ్ళు చూసి చెరిపేసేవాళ్ళకి టాబ్లో చాలు.

కొత్త ప్రసార పద్ధతికి పనికొచ్చేలా నెక్స్ట్‌జెన్ టీవీ, ఏటీఎస్‌సీ 3.0 అని రాసి ఉన్నవాటికి ఎక్కువ డబ్బు పెట్టాలా అని అడుగుతారు. ఆ ప్రసారాల్లో చాలా స్టేషన్లు తాళం లాంటి ఎన్‌క్రిప్షన్ పెట్టాయి, దాంతో రికార్డర్లకి చిక్కులొస్తున్నాయి. మొదటి రికార్డర్‌కి ఇప్పటి మామూలు పద్ధతి ఏటీఎస్‌సీ 1.0ది తీసుకోండి.

ఇప్పుడు పెట్టుకోవడం. నెట్‌వర్క్ మీద పనిచేసే రికార్డర్ టీవీ పక్కనే ఉండక్కర్లేదు. సిగ్నల్ బాగా వచ్చే కిటికీ దగ్గర యాంటెన్నా, దాని పక్కనే రికార్డర్, అక్కణ్ణుంచి రౌటర్‌కి ఈథర్నెట్ తీగ పెడితే యాంటెన్నా తీగ పొడుగు తగ్గుతుంది, సిగ్నల్ మిగులుతుంది. వైఫై మీద నడుస్తుందని చెప్పినా వీలైతే తీగే వేయండి. స్ప్లిట్టర్ పెట్టి రెండుగా చీలిస్తే ఒక్కో వైపుకి సగం కన్నా తక్కువే అందుతుంది. నాలుగు ట్యూనర్ల డబ్బాకి చీల్చాల్సిన పనే లేదు, ఒక్క తీగ ఇస్తే లోపల అదే పంచుకుంటుంది.

తీగ బిగించే ముందు దాని మొన ఒక్కసారి చూడండి. మధ్యలో సన్నటి రాగి తీగ దీపం వత్తిలా కాస్త బయటికి ఉంటుంది. అది నిటారుగా ఉండాలి. మా పక్కింటి తెలుగు అబ్బాయి మూడు వారాలు యాంటెన్నాలు మార్చి మార్చి విసిగిపోయాడు. నేను వెళ్ళి తీగ విప్పి చూస్తే ఆ రాగి మొన పక్కకి వంగి అంచుకి తగులుతోంది. వేలితో మెల్లగా నిలబెట్టి మళ్ళీ బిగించాం. పదకొండు చానళ్ళు వచ్చేచోట నలభై మూడు వచ్చాయి. తీగని చేత్తో బిగిస్తే చాలు, పట్టకారు పెట్టి తిప్పితే డబ్బా వైపు మరలు పాడవుతాయి.

హార్డ్‌డిస్కుని రికార్డర్‌కి తగిలించగానే ఫార్మాట్ చేస్తానంటుంది. ఆ డిస్కులో పెళ్ళి ఫోటోలు ఉంటే చెరిగిపోతాయి, కాబట్టి ఖాళీదే వాడండి. డబ్బాని మూసి ఉన్న అలమరలో పెట్టకండి, దానికి గాలి ఆడాలి.

రికార్డింగ్ పెట్టేటప్పుడు "కొత్త ఎపిసోడ్లు మాత్రమే" అన్నది ఎంచుకోండి, లేకపోతే పునఃప్రసారాలతోనే డిస్కు నిండుతుంది. పిల్లల కార్యక్రమాలకి మాత్రం "చివరి ఐదు ఉంచు" అని పెడితే చాలు. వాటి కోసం పీబీఎస్ స్టేషన్ల ఉపచానళ్ళు వెతకండి, చాలా ఊళ్ళలో రోజంతా పిల్లలవే వచ్చే చానల్ ఒకటి ఉంటుంది. సబ్‌టైటిళ్ళు కూడా రికార్డవుతాయి. మా అమ్మ వచ్చిన ఆరు నెలలూ అవి పెట్టుకుని, అర్థం కానిచోట ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వినేది. వెళ్ళే నాటికి ఇక్కడి యాస ఆమెకి నాకంటే బాగా పట్టుబడింది.

ఆటలు వచ్చే రోజుల్లో జాగ్రత్త. 1968 నవంబర్‌లో ఎన్‌బీసీ ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటని ఆఖరి నిమిషంలో ఆపేసి పిల్లల సినిమా వేసింది. ఆ నిమిషంలోనే ఓడిపోతున్న జట్టు రెండు టచ్‌డౌన్లు కొట్టి గెలిచింది. ఆ గొడవ తర్వాత ఆట పూర్తయ్యేదాకా చూపించడం ఇక్కడ ఆనవాయితీ అయింది. అందుకే శరదృతువులో ఆదివారం సాయంత్రం ఏడుకి మొదలవ్వాల్సిన వార్తా కార్యక్రమం ఏడున్నరకి మొదలవుతుంటుంది. రికార్డర్ మాత్రం గైడ్ చెప్పిన టైముకే ఆపేస్తుంది. ఆట తర్వాత వచ్చేవాటికీ, ఆటలకీ చివర గంట అదనంగా కలిపి పెట్టండి.

టీవీలో వచ్చినదాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని ఇక్కడి సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. దాన్ని అమ్మడం, ఇంటర్నెట్‌లో పెట్టడం మాత్రం చేయకండి.

చానళ్ళని రెండు మూడు నెలలకోసారి మళ్ళీ వెతికించండి. స్టేషన్లు అప్పుడప్పుడు ప్రసార చానళ్ళు మార్చుకుంటాయి. నిన్నటిదాకా వచ్చింది ఇవాళ రాకపోతే ముందు చేయాల్సింది ఆ వెతుకులాటే.

మీ బాబుకి ఇంకా ఆరేళ్ళే, కానీ మన పిల్లల్లో చాలామంది ఎదురుచూసే జాతీయ స్పెల్లింగ్ బీ పోటీ 2022లో అయాన్, బౌన్స్ చానళ్ళకి మారింది. రెండూ చాలా ఊళ్ళలో యాంటెన్నాకి ఉచితంగా అందేవే. వచ్చే మే నెలాఖరుకి గైడ్‌లో పేరు కొట్టి చూడండి. ఫైనల్‌కి చివర గంట అదనంగా కలిపి పెట్టండి, తెల్లారేసరికి ఆ ఫైలుని ఇంకో డిస్కులోకి కాపీ చేసి ఉంచండి.