కనెక్షన్ ఎర్రర్లకు భయపడి బ్యాకెండ్ వదిలేయాలా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. పీహెచ్‌పీలో చేసిన ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. సర్వర్‌లో పెట్టాక పేమెంట్ ఏపీఐని పిలిచినప్పుడల్లా కనెక్షన్ ఎర్రర్ వస్తోంది. నెట్‌వర్కింగ్ పెద్దగా రాదు. టెన్షన్‌గా ఉంది. టెస్టింగ్ వైపు వెళ్లిపోనా?

జవాబు: టెస్టింగ్ ఇష్టమైతే తప్పకుండా వెళ్లండి. ఈ ఎర్రర్ వల్ల మాత్రం వద్దు. ఇలాంటివి విప్పుకోవడమే బ్యాకెండ్ ఉద్యోగంలో చాలా భాగం.

కోడ్ మార్చే ముందు ఎర్రర్‌ను పూర్తిగా చదవండి. ఏపీఐని పిలవడానికి కర్ల్ అనే లైబ్రరీ వాడుతుంటే ఎర్రర్ నంబరును లాగ్‌లో రాయించండి. 6 వస్తే ఆ పేరుకు ఐపీ అడ్రస్ దొరకలేదు, పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌ను చూడాలి. 7 వస్తే కనెక్షన్ కుదరలేదు. 28 అంటే టైమ్ అవుట్. 60 అంటే అవతలి సర్వర్ సర్టిఫికెట్ తనిఖీలో నిలవలేదు. అప్పుడు సర్టిఫికెట్ తనిఖీని ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. డబ్బుతో వ్యవహారం, ఆ పని అసలు చేయకూడదు. సర్వర్‌లోని సర్టిఫికెట్ల ఫైలును అప్‌డేట్ చేయండి.

'కనెక్షన్ రెఫ్యూజ్డ్', 'టైమ్ అవుట్' ఒకటి కావు. మొదటిదానిలో అవతలి నుంచి తిరస్కారం వచ్చింది. ఎక్కువగా ఆ పోర్టులో ఏ ప్రోగ్రామూ నడవనప్పుడు ఇలా వస్తుంది. రెండోదానిలో సమాధానమే రాలేదు. ముందుగా ఫైర్‌వాల్‌ను అనుమానించండి.

తర్వాత అదే సర్వర్‌లో టెర్మినల్ తెరిచి, కర్ల్ కమాండ్‌తో అదే అడ్రస్‌ను పిలవండి. అక్కడ పనిచేసి, బ్రౌజర్ నుంచి స్క్రిప్టు నడిపినప్పుడే ఆగిపోతే, లోపం బయటి నెట్‌వర్క్‌లో ఉండే అవకాశం తక్కువ. రెడ్‌హ్యాట్ కుటుంబం లినక్స్‌లలో వెబ్ సర్వర్ బయటికి కనెక్ట్ కాకుండా ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ మామూలుగానే అడ్డుకుంటుంది. కోడ్‌లో తప్పేమీ లేకుండానే రోజులు పోయేది ఇక్కడే. ఎస్ఈలినక్స్ మొత్తాన్నీ ఆపేయకుండా, వెబ్ సర్వర్ నెట్‌వర్క్ అనుమతి ఒక్కటే ఆన్ చేయండి.

డేటాబేస్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది. లినక్స్‌లో పీహెచ్‌పీ 'లోకల్‌హోస్ట్' అన్నప్పుడు మైఎస్‌క్యూఎల్‌కు సాకెట్ ఫైలు (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే ఫైలు) ద్వారా వెళ్తుంది. 127.0.0.1 అని ఇస్తే నెట్‌వర్క్ పద్ధతి అయిన టీసీపీ ద్వారా, మామూలుగా 3306 పోర్టుకు వెళ్తుంది. ప్రోగ్రాములను విడివిడి కంటెయినర్లలో నడిపే డాకర్‌లోనైతే లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే.

లినక్స్, టీసీపీ, డీఎన్‌ఎస్ ప్రాథమికాంశాలకు రోజూ కొంత సమయం ఇవ్వండి. ప్రొడక్షన్ సపోర్ట్, లినక్స్ అడ్మిన్, డెవాప్స్ ఉద్యోగాలకూ అవే పునాది. ఈ సమస్య తేలాక ఏ ఎర్రర్ వచ్చింది, ఏయే పరీక్షలు చేశారు, కారణం ఎక్కడ దొరికింది అన్నది ప్రాజెక్టు రీడ్‌మీలో రాసిపెట్టండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ముందు అదే చెప్పండి.