ఫిలడెల్ఫియా మేస్త్రీ వడ్రంగి రాబర్ట్ స్మిత్ రోజూ చేసిన పని ఏమిటి?

అమెరికా తొలినాళ్ల చరిత్రలో కనిపించే 'మాస్టర్ కార్పెంటర్లు' ఉలి పట్టి పనిచేసినవారా, ఆర్కిటెక్టులా, కాంట్రాక్టర్లా, వారి పని రోజూ ఎలా సాగేది అని మీరు అడిగారు. మా నాన్నగారు కోనసీమలో నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మేస్త్రీ. నేను న్యూజెర్సీలో ఒక నిర్మాణ సంస్థలో అంచనాలు వేసే ఉద్యోగం చేస్తున్నాను. ఫిలడెల్ఫియా మాకు దగ్గర కావడంతో అక్కడి పాత కట్టడాలను ఎన్నోసార్లు చూశాను. అందుకే ఆ నగరంలో పనిచేసిన రాబర్ట్ స్మిత్‌ను ఉదాహరణగా తీసుకుని జవాబు రాస్తున్నాను.

స్మిత్ 1722లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో దగ్గర ఉన్న డాల్కీత్‌లో పుట్టారు. 1740ల చివరలో ఫిలడెల్ఫియా చేరుకున్నారు. అప్పటికి అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాలలో ఆర్కిటెక్టు అనే వృత్తి విడిగా ఏర్పడలేదు. ప్లాన్ గీయడం, కలప ఎంచడం, మనుషులను పెట్టుకోవడం, చివరికి లెక్క తేల్చి సొమ్ము రాబట్టుకోవడం అన్నీ మేస్త్రీ వడ్రంగి మీదనే ఉండేవి. 1754లో పూర్తయిన క్రైస్ట్ చర్చి గోపురం 196 అడుగుల ఎత్తు ఉంటుంది, దాన్ని నిలబెట్టింది స్మిత్. ప్రిన్స్‌టన్‌లో 1756లో పూర్తయిన నస్సావ్ హాల్, 1761 నాటి సెయింట్ పీటర్స్ చర్చి, వాల్‌నట్ వీధి జైలు కూడా ఆయన పనులే. ఒక్క మనిషి గుడి గోపురం, కళాశాల, జైలు కట్టగలిగాడంటే ఆయన రోజంతా చిత్రిక పడుతూ కూర్చోలేదని అర్థమవుతుంది. పెద్ద పనులలో ఉలీ బాడిశా ఎక్కువగా జీతానికి వచ్చిన పనివాళ్ల చేతిలోనూ, నేర్చుకునే కుర్రవాళ్ల చేతిలోనూ ఉండేవి.

ఆ కుర్రవాళ్లు సాధారణంగా ఒప్పందపత్రం రాసుకుని 21 ఏళ్లు వచ్చేదాకా మేస్త్రీ ఇంట్లోనే తిని, పడుకుని, పని నేర్చుకునేవారు. ఆ తర్వాత రోజుకూలికి పనిచేస్తూ, కొందరు మాత్రం సొంతంగా మేస్త్రీలయ్యేవారు. ఇండిపెండెన్స్ హాల్‌గా నేడు మనకు తెలిసిన స్టేట్ హౌస్‌ను కట్టిన ఎడ్మండ్ వూలీ దగ్గర పని నేర్చిన థామస్ నెవెల్ అలా ఎదిగినవాడే, 1771లో ఆయన భవనాల డ్రాయింగ్ నేర్పే బడి కూడా తెరిచారు. ఈ మెట్ల మీద ఎక్కే అవకాశం అందరికీ లేదని కూడా చెప్పాలి. ఆ కాలపు ఫిలడెల్ఫియాలో బానిసలుగా ఉంచబడిన నల్లజాతివారు కూడా చేతివృత్తుల పనులు చేశారు, వారి పేర్లు మాత్రం కట్టడాల చరిత్రలో చాలా అరుదుగా కనిపిస్తాయి.

మేస్త్రీ బాధ్యత ఎంత దూరం పోయేదో చెప్పడానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇల్లే సాక్ష్యం. ఆ ఇంటిని కట్టింది స్మిత్. 1764 చివర ఫ్రాంక్లిన్ లండన్ వెళ్లిపోయేనాటికి పని ఇంకా మిగిలి ఉంది. భార్య డెబొరా దగ్గరుండి చూసుకోగా, ఇంటాయన సముద్రం అవతలి నుంచి ఉత్తరాలలో వివరాలు అడుగుతూ ఉండేవారు. విదేశాల నుంచి ఫోన్లలో ఊళ్లో ఇల్లు కట్టించుకునే మన వాళ్లకు ఆ మేస్త్రీ పరిస్థితి వెంటనే అర్థమవుతుంది. ఆ ఇంటిని 1812లో పడగొట్టారు, ఇప్పుడు ఆ స్థలంలో ఇంటి ఆకారాన్ని చూపే ఉక్కు చట్రం మాత్రం ఉంది. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో మానసిక రోగుల కోసం 1773లో తెరిచిన ఆసుపత్రికి ప్లాన్ ఇచ్చింది స్మిత్ అయితే, అక్కడ కట్టింది బెంజమిన్ పావెల్ అనే మరొక నిర్మాత. అంటే ఆయన బుర్రలోని పని కాగితం మీద ఇంకో రాజ్యానికి వెళ్లగలిగేది.

ఇక కలప పని. కొన్నేళ్ల క్రితం మా సంస్థ పెన్సిల్వేనియాలో ఒక పాత ధాన్యపు కొట్టాన్ని విప్పించినప్పుడు నేను అక్కడ ఉన్నాను. ఓక్ దూలాల కుసులు (దూలం చివర సన్నగా చెక్కిన భాగాలు) ఎదుటి కొయ్యలో తొలిచిన బెజ్జాలలో ఎంత బిగువుగా కూర్చున్నాయంటే, కొయ్య చీలలను వెనక నుంచి కొట్టి తీస్తే తప్ప కదలలేదు. ప్రతి అతుకు దగ్గరా రెండు కొయ్యల మీదా ఉలితో కొట్టిన రోమన్ అంకెలు ఉన్నాయి. నాలుగును నాలుగు నిలువు గీతలుగానే కొట్టారు, ఎందుకంటే ఉలికి తిన్నని గీత సులువు. నేల మీద చట్రం మొత్తాన్ని పేర్చి, ఏ కుసిని దాని బెజ్జానికే సరిపోయేలా చెక్కి, గుర్తు పెట్టి, విప్పి, మళ్లీ నిలబెట్టేటప్పుడు అంకెకు అంకె కలిపేవారు. ఆ ఫోటోలు పంపిస్తే నాన్నగారు ఒక విషయం గమనించారు: కుసిలోని రంధ్రం, బెజ్జం పక్క గోడలోని రంధ్రం ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా లేవు, కొద్దిగా తేడాతో ఉన్నాయి. చీల దిగేకొద్దీ ఆ తేడాయే కుసిని లోపలికి లాగి బిగిస్తుంది. నేను అక్కడే నిలబడి చూసినా నా కంటికి అది ఆనలేదు.

అయితే మేస్త్రీ బతుకంతా ఆధారపడింది కొలత మీద అని నా గట్టి నమ్మకం. నేను ఇంటర్ చదివే రోజుల్లో నాన్నగారు ఒక ఇంటికి టేకు ద్వారబంధాలు, కిటికీలు చేసి ఇచ్చారు. అయిదు అంగుళాలకు మూడు అంగుళాల కొయ్య చిత్రిక పట్టాక వెడల్పులో పావు అంగుళం, మందంలో పావు అంగుళం తగ్గింది. ఇంటి యజమాని తగ్గిన కొలతకే డబ్బు ఇస్తానన్నారు. కొయ్యలో ఆ తరుగు నూటికి పదమూడు వంతులు. ముందుగా ఏ కొలత లెక్కో మాట అనుకోలేదు కనుక నాన్నగారు ఏమీ అనలేక నష్టం భరించారు. ఆ ఏడాది మా ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

సరిగ్గా ఇలాంటి తగాదాల కోసమే ఫిలడెల్ఫియా మేస్త్రీలు ఒక కట్టుబాటు చేసుకున్నారు. 1724లో మొదలైన కార్పెంటర్స్ కంపెనీ మేస్త్రీల సంఘం, స్మిత్ అందులో సభ్యుడు. పని పూర్తయ్యాక సంఘం తరఫున కొలిచేవారు వచ్చి నేలను, కప్పును, తలుపులను, మెట్లను వేటికి తగిన లెక్కతో వాటిని కొలిచి విలువ కట్టేవారు. ఆ నియమాలను, బొమ్మలతో సహా, 1786లో పుస్తకంగా అచ్చు వేశారు. దాన్ని బయటివారికి చూపించడం నిషిద్ధం. అంచనాలు వేసే మనిషిగా ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, కొలిచే విధానం ముందే స్థిరపడితే బలవంతుడి మాట చెల్లదు. కానీ ధరలు సంఘం గుప్పిట్లో ఉండడం వల్ల లాభపడింది మేస్త్రీలే, కూలివాళ్లు కాదు. 1791లో రోజుకు పది గంటల పని కోసం సమ్మె చేసిన ఫిలడెల్ఫియా వడ్రంగి కూలీలు ఎదిరించింది తమ మేస్త్రీలనే.

నాన్నగారు మా దగ్గరికి వచ్చినప్పుడు, స్మిత్ ప్లాన్‌తో 1770లో మొదలుపెట్టి ఆ సంఘం తన కోసం కట్టుకున్న కార్పెంటర్స్ హాల్‌కు తీసుకువెళ్లాను. 1774 సెప్టెంబర్ 5 నుంచి అక్టోబర్ 26 వరకు వలస రాజ్యాల ప్రతినిధుల సభ అయిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్ అక్కడే జరిగింది. అంత చరిత్ర జరిగిన గదిలో నాన్నగారు కట్టడం మధ్యలో ఉన్నట్టు చేసిన నమూనా దగ్గరే అరగంట నిలబడ్డారు. ఆ హాలుది నాలుగు మూలలూ లోపలికి నొక్కిన శిలువ ఆకారం, 50 అడుగుల వెడల్పు. "మూలలు ఇన్ని పెడితే కొలత తప్పితే అది ఎక్కడా దాక్కోదురా" అన్నారు.

స్మిత్ చివరి పని ఇల్లు కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ ఓడలు డెలావేర్ నదిలో పైకి రాకుండా ఆయన నీటి అడుగున అడ్డంకులకు నమూనా ఇచ్చారు. పెద్ద దుంగల చట్రాలను రాళ్లతో నింపి ముంచి, వాటి నుంచి ఇనుప మొన తొడిగిన దుంగలు ఏటవాలుగా పైకి నిలిచేలా ఉంచారు. న్యూజెర్సీ ఒడ్డున బిల్లింగ్స్‌పోర్ట్ దగ్గర కోట పనుల్లో ఉండగానే 1777 ఫిబ్రవరిలో ఆయన మరణించారు. ఆ మొనల దుంగలు ఈ శతాబ్దంలో కూడా నది అడుగు నుంచి బయటపడ్డాయి.