సీల గురించి చిన్నీకి పెదనాన్న

చిన్నీ,

నువ్వు ఉద్యోగం మానేసి దుద్దుల వెనక సీలల మీద పని మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతు నిండా టెన్షన్. నేనూ పైకి కసురుకున్నాను గానీ లోపల ఒకటే సంబరం. మన ఇంటి పిల్లల్లో బంగారప్పని కుంపటి వైపు తొంగి చూసినవాళ్ళే లేరు, ఇన్నాళ్ళకి నువ్వు వస్తున్నావు, అదీ ఎవరూ పట్టించుకోని సీల పట్టుకుని. పాలకొల్లు కొట్లలో చూడు, దుద్దు ముందు భాగాన్ని గంటసేపు తిప్పి తిప్పి చూస్తారు, వెనక్కి తిప్పి చూసే మనిషి ఉండదు.

ఉద్యోగం సంగతి మీ నాన్నా నువ్వూ తేల్చుకోండి. నా బెంగ వేరే. దుద్దు వాలిపోకుండా, దాని ముందు భాగం బరువుకి సరిసమానంగా వెనక సీలలో బరువు పెడతానన్నావట. ఎవరు చెప్పారే నీకు ఆ తెలివి? ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. ఎందుకో చెబుతాను, ముందు చిన్నాచితకా చెప్పేస్తాను.

చెవి కన్నంలో దూరే కాడ చివర గరుకు ఉండకూడదు, గోటితో గీసి చూడు. చవక లోహంలో నికెల్ ఉంటే కొందరికి దురద, రసి. టైటానియం అయితే ఆ బాధ లేదు. సిలికాన్ సీలని నమ్ముకోకు, మన వైపు ఉక్కకీ, చెమటకీ, కొబ్బరినూనెకీ అది పచ్చబడి వదులైపోతుంది. 22 క్యారెట్ల బంగారంతో స్ప్రింగ్ పట్టు జోలికి పోకు, మెత్తన, కొన్నాళ్ళు తీసి పెట్టేసరికి పట్టు పోతుంది, అందుకే మన వాళ్ళు మర సీల పెట్టారు. రెండు గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అలాగని నోటిమాట మీద 916 అని అమ్మావంటే మాత్రం నా గుమ్మం తొక్కకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాయనమ్మ ఎప్పుడూ పమిట చెవుల మీదికి లాక్కుని ఉండేది గుర్తుందా? చలి అనుకునేదానివి నువ్వు. చలి కాదు, ఆవిడ ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయి ఉండేది.

దాన్ని చీల్చిన చెవి బుట్టలు మీ తాత స్వయంగా చేసినవే. ఒక్కో చెవికి కాసున్నర, అంటే పన్నెండు గ్రాములు. కాడ దగ్గర బంగారం మిగులుతుందని సన్నగా లాగాడు, దాన్ని దుద్దుకి సరిగ్గా నడిమధ్యన అతికాడు. పెట్టుకోగానే బుట్టలు ముందుకి వాలాయి. రోజంతా తక్కెడ ముందు కూర్చునే మనిషి కదా, ఆయనకి తోచింది తూకమే. వెనక ముద్దలాంటి సీల చేసి బిగించాడు. వాలడం ఏదో కాస్త తగ్గింది. బుట్ట బరువు తమ్మెకి ఎడంగా ముందుకి ఉంటుంది, సీల బరువు తమ్మెని అంటుకునే ఉంటుంది, అంత దగ్గర నుంచి సరితూగాలంటే ఎంత బరువని పెడతావు? పెట్టినదంతా మోసేది మళ్ళీ ఆ కన్నమేగా. ఎంత పనిమంతుడో, ఆ ఒక్క చోట బుర్ర పనిచెయ్యలేదు ఆయనకి.

బుట్టల్ని జుట్టుకి తగిలించే గొలుసులు, మాటీలు, ఉన్నన్నాళ్ళూ తెలియలేదు, చాలా బరువు జుట్టు మోసేది. మీ నాన్న పుట్టాక ఆవిడకి జుట్టు బాగా ఊడిపోయింది, మాటీలు నిలవక జారిపోతుంటే తీసి పెట్టెలో పెట్టేసింది. అప్పటి నుంచి బరువంతా ఆ సన్న కాడ మీదే. ఉడికిన గుడ్డుని దారంతో కోసినట్టు అది కన్నాన్ని కిందికి కోసుకుంటూ పోయింది. గాటు సాగుతోందని ఆవిడకి తెలుసు. మొగుడు మోజుపడి చేసినవి, ఎలా చెబుతుంది?

ఆ ఏడు అంతర్వేది తీర్థానికి నరసాపురం రేవులో గోదావరి దాటే పంటు ఎక్కాం. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. అమ్మ చంకలో మీ నాన్న బెదిరిపోయి చేతికందినది పట్టుకుని లాగాడు. పాపం పసివాడు, వాడికేం తెలుసు. ఆవిడ చెవి పట్టుకోకుండా ముందు బుట్ట కోసం వెతుక్కుంది, మా అమ్మ తీరే అంత. సఖినేటిపల్లి దిగాక ఎవరో కాంపౌండర్ కట్టు కట్టాడు. తమ్మెలో ఎముక లేదు, ముక్కులో లాంటి మెత్తటెముకా లేదు, చర్మమూ కొవ్వే, అందుకే సాగింది మళ్ళీ దగ్గర పడదు, తెగిన అంచుల మీద విడివిడిగా చర్మం వచ్చేస్తే ఇక వాటంతట అవి కలవవు. ఇప్పుడైతే ఆ అంచులు కోసి కుట్టు వేస్తారు, కొన్ని నెలలాగి మచ్చ పక్కన కొత్త కన్నం పొడిపించుకోవచ్చు. అప్పట్లో మాకు ఆ సంగతే తెలియదు. మీ నాన్నకి ఇదేదీ తెలియదు. చెప్పకు, ఈ వయసులో వాడికి కొత్త బాధెందుకు.

అందుకని బరువు ఆలోచన మానేసి వెడల్పు చూడు తల్లీ. వాలిన దుద్దుని పక్క నుంచి గమనించు: ముందు పై అంచు ఎడంగా వచ్చేస్తుంది, కింది అంచు తమ్మెకి నొక్కుకుంటుంది, వెనకేమో సీల పై అంచు నొక్కుకుంటుంది. కాబట్టి వెనక పళ్ళెం కన్నానికి పైవైపు బాగా ఆనాలి. అందరూ కిందికి సాగదీసి ఆసరా ఇచ్చామనుకుంటారు, అది ఉత్తిదే. పది పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు, పల్చటి గట్టి రేకు, దాని మధ్య గొట్టం కాడకి బాగా పొడుగునా పట్టాలి, పళ్ళెం లొడలొడలాడిందా ఎంత వెడల్పున్నా దండగ. దుద్దు చేసేవాళ్ళని కాడ నడిమధ్య కాకుండా కాస్త పైకి అతకమను. బరువు దుద్దులకి కాడ మిల్లీమీటరు మందం ఉండాలి. ఇవన్నీ చేసినా వాలడం తగ్గుతుంది గానీ బరువు ఎక్కడికీ పోదు, కాసున్నర బుట్టలకి మాటీలు ఉండాల్సిందే, ఆ మాట కొనేవాళ్ళకి దాచకు. పట్టు బాగుంటుందని బిగించకు, తమ్మెకీ పళ్ళేనికీ మధ్య కాస్త గాలి ఆడాలి, లేకపోతే కన్నం నల్లబడి చీము పడుతుంది, చిన్నపిల్లలకైతే సీల చర్మంలోకి దిగబడిపోతుంది కూడా. చంటిపిల్లలున్న ఇంట్లో ఊడిన సీల నోట్లోకే పోతుంది, ఊడకుండా ఉండే పట్టు ముందు, అందం తర్వాత. దీని మీద నాతో వాదించకు.

ఇంకోటి, నీ స్నేహితురాళ్ళ చెవులకి పెట్టి చూసి బాగుందనుకోకు, వాళ్ళవి కొత్త కన్నాలు, ఏది పెట్టినా నిలుస్తుంది. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళ దగ్గరికి నేను తీసుకెళతాను. రోజంతా తల వంచుకుని కూర్చుంటారు, కన్నాలు సాగినవాళ్ళు వాళ్ళలోనే కనపడతారు, మొహమాటం లేకుండా చెబుతారు కూడా. వాళ్ళ టైముకి డబ్బు ఇవ్వాలి, అది మాత్రం నీ జేబులోంచే.

బొమ్మలు వాట్సాప్‌లో పంపకు, నా కళ్ళకి ఆనవు. అసలు సైజులో కాగితం మీద తీయించి పంపు, ఇత్తడిలో ఒక జత చేసి పెడతాను. పెద్దమ్మ చెవులు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి, ముందు ఆవిడకే పెడదాం, బాగోకపోతే ఊరంతా చెప్పేస్తుంది.

పెదనాన్న